చేదుదుంప ముందు ఎవరు తినాలి

పక్కింటి అమ్మాయి ఒకతె ఎనిమిదో తరగతి చదువుతోంది, లెక్కలు చెప్పించుకోవడానికి సాయంత్రాలు మా ఇంటికి వస్తుంది. మొన్న నేను మజ్జిగ చేద్దామని తీసి బల్ల మీద పెట్టిన పెరుగు డబ్బాను ఆ పిల్ల అటూ ఇటూ తిప్పి చూసి, తేదీ నిన్నటితో అయిపోయిందని, నేను వంటింట్లోంచి గ్లాసులు తెచ్చేలోపే చెత్తబుట్టలో పడేసింది. మూత తీయలేదు, వాసన చూడలేదు, వేలితో తాకనైనా లేదు. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. కోపం పెరుగు పోయినందుకు, నవ్వు నన్ను తలచుకుని. ఆ పిల్లకి పదమూడేళ్లు, తెలియదంటే అర్థం ఉంది. నేను నలభై దాటిన వయసులో, డిగ్రీలో వృక్షశాస్త్రం చదివి, పదిమందికి పాఠాలు చెప్పే ఉద్యోగం వెలగబెడుతూ కూడా అచ్చం అలాగే ఉండేదాన్ని.

నా భయానికి కారణం మా తమ్ముడు. ముదిగొండ దగ్గర మా ఊళ్లో చేల గట్ల మీద కంచెకి అడవి ఆముదం పెంచేవాళ్లు. తమ్ముడు ఐదేళ్లప్పుడు ఆ కాయలు పగలగొట్టి, లోపలి పప్పు పల్లీల్లా కమ్మగా ఉందని గుప్పెడు తిన్నాడు, నాకూ రెండు పెట్టబోయాడు. మధ్యాహ్నానికల్లా వాంతులతో వాడి కళ్లు లోతుకు పోయాయి, ఖమ్మం దవాఖానాలో మూడు రోజులు వాడి మంచం పక్కన అమ్మ నిలువుకాళ్ల మీద నిలబడింది. వాడు బతికి బట్టకట్టాడు, ఇప్పుడు బాన పొట్ట వేసుకుని తిరుగుతూ, కనపడ్డదల్లా తింటూనే ఉన్నాడు. కాని ఆ రోజు నుంచి అమ్మ నోట్లో ‘వద్దు’ అనే మాట స్థిరపడిపోయింది, అది ఆమె నుంచి నాకు, నా నుంచి నా కూతురికి ఆస్తి పంచినంత శ్రద్ధగా చేరింది.

రెండువేల నాలుగో, ఐదో, సరిగ్గా గుర్తు లేదు, భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఒక కోయ గూడేనికి నన్ను టీచరుగా వేశారు. మా వారి ఉద్యోగం ఖమ్మంలో, కాబట్టి ఏడేళ్ల మా అమ్మాయిని వెంటపెట్టుకుని నేనొక్కదాన్నే వెళ్లాను. బస్సు దిగి వాగు దాటి రెండు మైళ్లు నడిస్తే ఆ ఊరు. నలభై ఇళ్లు, ఒకటే గది ఉన్న బడి, ఆ బడి పక్కనే ఒక పెద్దావిడ ఇంటి ఆవరణలో మాకొక పాక. ఆ పెద్దావిడను ఊరంతా అవ్వ అనే పిలిచేది, మేమూ అలాగే పిలిచాం. ఆమె వయసు ఎంతో ఆమెకే తెలియదు. ఊళ్లో ఆమె కంటే పెద్దవాళ్లు లేరని మాత్రం అందరికీ తెలుసు.

నేను ఆ ఊళ్లో చేసిన మొదటి ఘనకార్యం బడి చుట్టూ సున్నంతో గీత గీయించడం. అన్నం బెల్లు కొట్టాక పిల్లలెవరూ ఆ గీత దాటకూడదని ఆజ్ఞ. అవతల పాములుంటాయి, ముళ్లుంటాయి, పేరు తెలియని కాయలుంటాయి. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వి, నా మీద జాలితో కాబోలు, గీత లోపలే కూర్చునేవాళ్లు. సాయంత్రం బడి వదలగానే అదే పిల్లలు కొడవళ్లు పట్టుకుని ఆ పాములూ ముళ్లూ ఉన్న చోటుకే పరుగెత్తేవాళ్లు. ఇక మా అమ్మాయికి కాచి చల్లార్చిన నీళ్లు, కాళ్లకు చెప్పులు, మేజోళ్లు, చేతికి సబ్బు. అది గీత దగ్గర నిలబడి అవతలికి చూస్తూ ఉండేది. చీమను చూసినా, పువ్వును చూసినా, కోడిపిల్లను చూసినా నా వైపు తిరిగి ముట్టుకోవచ్చా అని అడిగేది. అలా అడుగుతున్నందుకు నేను మురిసిపోయేదాన్ని, పిల్లను ఎంత జాగ్రత్తగా పెంచానో అని.

ఆ ఊళ్లో నన్ను విస్తుపోయేలా చేసింది పెద్దవాళ్ల పద్ధతి. నాలుగేళ్ల పిల్ల కత్తిపీట ముందు కూర్చుంటే తల్లి ఒక్క కేక కూడా వెయ్యదు. పిల్లవాడు చెట్టెక్కుతుంటే కిందున్న తాత చేతిలో పని ఆపి, వాడు ఏ కొమ్మ మీద కాలు పెడుతున్నాడో చూస్తాడు గాని దిగమనడు. ‘సూస్కో’ అనే ఒక్క మాట అంటారు, అంతే. అది నిర్లక్ష్యం అనుకున్నాను మొదట. కొన్ని నెలలు గమనించాక గాని తెలియలేదు, ఆ ‘సూస్కో’ అన్న మనిషి చూపు పిల్ల మీద నుంచి కదలదని, ఆ పిల్ల చేస్తున్న పని ఆ మనిషి అంతకుముందు వందసార్లు చేసి ఉంటాడని. గమనించానే గాని ఒప్పుకోలేదు. చదువుకున్నదాన్ని కదా.

రెండో ఏడు వానాకాలంలో వాగు పొంగి దారి తెగిపోయింది. మామూలుగా రెండు మూడు రోజుల్లో వరద తీసేది, ఆ ఏడు ఎంతకీ తీయలేదు. బడి బియ్యం ఐదో రోజుకు అయిపోయాయి, నా డబ్బాలోవి ఆరో రోజుకు. ఊళ్లోవాళ్లు మాత్రం కంగారు పడలేదు, మబ్బు పట్టిన రోజునే గునపాలు పట్టుకుని గుట్టకు పోయి చేదుదుంపలు తవ్వి తెచ్చి పెట్టుకున్నారు. ఈ దుంప తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. అది పచ్చిగా తింటే విషం. నోరు మండి, గొంతు బిగుసుకుని, కళ్లు తిరిగి పడిపోతారు. కాని దాన్నే ఉడకబెట్టి, తమలపాకంత పలచగా చెక్కలు కోసి, బూడిద రాసి, వెదురు గంపలో పెట్టి పారే నీళ్లలో మూడు నాలుగు రోజులు ఉంచితే విషమంతా పోయి మంచి తిండి అవుతుంది. వాగు ఉరవడిగా ఉంది కాబట్టి ఇళ్ల వెనక గుట్ట మీద నుంచి దిగే పిల్లకాలువలో గంపలన్నీ వరసగా దింపి, కొట్టుకుపోకుండా పైన రాళ్లు పెట్టారు. అందులో ఒక చిన్న గంప అవ్వ మా పేరున పెట్టింది.

దుంప నానితే చాలదు, దానికి ఇంకో కట్టుబాటు ఉంది. గంప పైకి తీసిన రోజున ఊళ్లో అందరికంటే పెద్ద మనిషి ఒక చిన్న ముక్క నాలుక కొస మీద పెట్టుకుని, ఉమ్మేసి, కూర్చుని అడ్డాకులతో విస్తళ్లు కుడుతుంది. పది విస్తళ్లు పూర్తయ్యేదాకా ఆ దుంపను ఎవరూ ముట్టకూడదు, ఎంత ఆకలైనా సరే. నాలుక సుర్రుమనకపోతే, కుట్టే చేయి వణకకపోతే, అదే విస్తళ్లలో అందరికీ వడ్డిస్తారు. పిల్లలు చుట్టూ కూర్చుని విస్తళ్లు లెక్కపెడుతూ ఉంటారు. నాకిదంతా పాతకాలపు తంతులా అనిపించింది. ఎనభై ఏళ్ల మనిషి నాలుక ఏం చెబుతుందని లోలోపల అనుకున్నాను.

గంప దింపిన మర్నాడు కాలువ దగ్గరికి వెళ్లి చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. నీళ్లు ఎర్రమట్టి రంగులో, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తూ, పైన ఎక్కడో పశువులు దిగిన వాసనతో ఉన్నాయి. నా కూతురు తినబోయే తిండి ఈ మురికిలో మూడు రోజులా అని మనసు ఒప్పలేదు. ఎవరూ చూడకుండా మా గంప ఎత్తుకొచ్చాను. చెక్కలన్నీ కడిగి, స్టీలు బిందెలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి, అందులో వేసి, మూత పెట్టాను. రోజూ ఆ మూత తీసి చూస్తే ముక్కలు మల్లెపువ్వుల్లా తెల్లగా ఉండేవి. ఊరంతా మురికినీళ్ల దుంప తింటుంది, మేము మాత్రం శుభ్రమైనది తింటామని నాలో నేనే గర్వపడ్డాను. వృక్షశాస్త్రం పరీక్షలో ఆ విషం పేరు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే, అది నీళ్లలోకి దిగుతుందని కూడా చదివినదాన్నే. దిగింది ఎటు పోవాలి అన్న ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు.

గంప దింపిన నాలుగో రోజు ఉదయం మా అమ్మాయి ఆకలితో నీరసించి పోయింది. అవ్వ వేరే ఇళ్ల గంపలు చూడడానికి వెళ్లింది. ఆమె వచ్చేదాకా ఎందుకులే, మనది మంచినీళ్లలోదే కదా అని కొన్ని చెక్కలు తీసి ఉప్పేసి ఉడికించి, ఆరబెట్టి, ఒక ముక్క అమ్మాయి చేతిలో పెట్టాను. అది అలవాటు ప్రకారం నా మొహంలోకి చూసి తినొచ్చా అమ్మా అని అడిగింది. నేను తలూపాను. ఇరవై ఏళ్లు గడిచాయి, అలా తలూపినందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

ముక్క నోటి దాకా వెళ్లింది. గుమ్మంలో అడుగు పెట్టిన అవ్వ వంగి దాని మణికట్టు పట్టుకుంది.

“ముందుగాల నేను బిడ్డా,” అని నవ్వుతూ ఆ ముక్కను తన నోట్లో వేసుకుంది.

నేను చూస్తూనే ఉన్నాను. ఆమె మొహం ఒక్క క్షణం మారింది. నా వైపు ఒకసారి, పిల్ల వైపు ఒకసారి చూసింది. ఉమ్మలేదు, మింగేసింది. తర్వాత ఏమీ జరగనట్టే గుమ్మంలో కూర్చుని ఆకులు ముందు వేసుకుంది. మూడో విస్తరి కుడుతుండగా ఆమె చేతిలో పుల్ల జారింది. తీసుకోబోతే వేళ్లు పట్టు దొరకలేదు. ఆ వెంటనే వాంతి, ఒళ్లంతా చెమట, కళ్లు మూతలు పడడం. అవతల వాగు హోరు వినిపిస్తూనే ఉంది. దవాఖానాకు మోసుకుపోదామన్నా దారి లేదు. కోడళ్లు పరుగెత్తుకొచ్చి చింతపండు నీళ్లు తాగించారు, మళ్లీ కక్కించారు, మళ్లీ తాగించారు. నేను ఆమె తల ఒళ్లో పెట్టుకుని, ఏడుస్తూ, బిందె సంగతి అందరి ముందూ చెప్పేశాను. ఒక్కరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు, అంటే కొంచెం తేలికపడేదాన్నేమో.

పొద్దు వాలేసరికి ఆమె కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. ఎందుకు మింగావు అవ్వా, ఉమ్మేయొచ్చు కదా అని అడిగాను.

“తల్లి వండింది పిల్ల ముంగట ఎట్ల ఉమ్ముత?” అంది.

ఇంకాసేపటికి, నేను ఏడుపు ఆపడం లేదని కాబోలు, నా చెయ్యి తట్టింది.

“నీ నీళ్లు మంచియే పంతులమ్మా. నిలబడ్డయి, గంతే. ఇసం పోవాల్నంటే నీళ్లు నడవాలె.”

ఆ సాయంత్రం మేమిద్దరం తిన్నది అవ్వ గంపలోని దుంపే, ఆ మురికినీళ్లలో నానినదే. బిందెలో మిగిలిన నా తెల్లటి ముక్కల్ని ఆమె కోడలు తీసుకుపోయి మళ్లీ కాలువలో దింపింది. రెండు రోజుల తర్వాత గంప పైకి తీసినప్పుడు అవ్వ తన నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేసి, పది విస్తళ్లు నింపాదిగా కుట్టింది. దుంప ఎలా ఉందో ఎవరికీ చెప్పలేదు. అప్పుడు మా అమ్మాయిని దగ్గరికి పిలిచి, గోరంత ముక్క తుంచి దాని అరచేతిలో పెట్టి, నాలుక కొసన పెట్టి చెప్పమంది.

పిల్ల ఎప్పటిలాగే నా వైపు తిరిగింది. నా గొంతులోకి మా అమ్మ మాట వచ్చేసింది. తమ్ముడి లోతుకుపోయిన కళ్లు కనిపించాయి, జారిపోయిన పుల్ల కనిపించింది. కాని పిల్ల కంటే ముందు ఆ ముక్కను నోట్లో పెట్టుకుని, పది విస్తళ్లసేపు తన ఒంటి మీద పరీక్షించుకుని, ఆ తర్వాతే పిల్ల చేతికిచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. నేను వద్దనలేదు. సూస్కో అన్నాను. నా నోటి వెంట ఆ మాట రావడం అదే మొదటిసారి.

పిల్ల కళ్లు మూసుకుని నాలుక మీద పెట్టుకుంది. ఎంతసేపు అలా ఉందో, నాకు మాత్రం వాగు తీసేంతసేపు అనిపించింది. తర్వాత అవ్వ చేసినట్టే ఉమ్మేసి, కొంచెం సుర్రుమంటుంది అవ్వా, కొసన మాత్రమే అని చెప్పింది. అవ్వ బోసినోటితో ఇంత పెద్ద నవ్వు నవ్వి, గంపను ఇంకో రోజు నీళ్లలో పెట్టమని కోడలికి చెప్పింది. ఆ చిన్న సుర్రు ఆమెకు ముందే తెలుసు. పిల్లకు తెలుస్తుందో లేదో చూసింది. మర్నాడు మా అమ్మాయి నన్ను అడగకుండానే ముక్క తీసుకుంది, ఈసారి ఏమీ లేదంది, పది విస్తళ్లు తనే లెక్కపెట్టింది. ఉప్పూ పచ్చిమిరపకాయ నూరి అద్దుకుని తిన్నాం. రుచి అంటే పెద్ద రుచేం కాదు, చప్పగా, కొంచెం మట్టివాసనతో ఉంటుంది. అంత భక్తిగా నేను ఏ ప్రసాదమూ తినలేదు.

ఆ రోజు నుంచి ఒక ఆలోచన నన్ను వదల్లేదు. ఈ దుంప తినొచ్చని మొదట కనిపెట్టినదెవరు? పచ్చిది తిని పడిపోయినవాళ్లు ఉంటారు. వాళ్లను చూసి కూడా ఇంకెవరో ఉడికించి చూసి ఉంటారు, అదీ చాలక పడిపోయి ఉంటారు. ఇంకెవరో నీళ్లలో ఒక రోజు ఉంచి, రెండు రోజులు ఉంచి, నాలుక కొసన పెట్టి చూసుకుంటూ, ఏ రోజున ఆ మంట ఆగిందో గుర్తు పెట్టుకుని ఉంటారు. ఆకలి తిని చూడమంటుంటే, భయం ఆగమంటుంటే, ఆ రెండింటి మాటా విని, గోరంత ముక్కకీ పది విస్తళ్లకీ ఒప్పందం కుదిర్చిన ఆ మొదటి మనిషి ఎవరో గాని, ఆమెకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఆమె అని ఎందుకంటున్నానో తెలియదు, నాకు ఎప్పుడూ ఒక ఆడమనిషే కనిపిస్తుంది. ఎన్ని వందల ఏళ్ల కిందటి నాలుకో అది, అక్కడి నుంచి ఒకరి తర్వాత ఒకరుగా అవ్వ దాకా వచ్చింది, అవ్వ దాన్ని తీసి నా కూతురి నోట్లో పెట్టింది.

వాగు తీశాక నేను సున్నపు గీత మళ్లీ వేయించలేదు. మా అమ్మాయి మేజోళ్లు పాక చూరులో ఎలకలు కొట్టేశాయి, కొత్తవి కొనలేదు. ఇంకో మూడేళ్లు అక్కడ ఉండి బదిలీ మీద పెనుబల్లి వచ్చేశాం. ఆ తర్వాత ఏడాదికో ఏమో, అవ్వ నిద్రలోనే పోయిందని కబురొచ్చింది. అప్పుడు బస్సులో వెళ్లి ఏడ్చి వచ్చాను, అంతే, మళ్లీ పోయింది లేదు.

కిందటేడు నా రిటైర్‌మెంట్ అయ్యాక మా అమ్మాయే పట్టుబట్టి బయల్దేరదీసింది. కారు ఊళ్లోకే వెళ్లింది, వాగు మీద వంతెన ఉంది, పాకల చోట స్లాబు ఇళ్లున్నాయి, ప్రతి గుమ్మం దగ్గరా చిప్స్ పాకెట్ల దండలు వేలాడుతున్నాయి. నాకు సంతోషమే వేసింది, ఆ వానాకాలం లాంటిది ఎవరికీ రాకూడదు. అవ్వ మనవరాలు, నా దగ్గర రెండో తరగతి చదివిన పిల్ల, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి, మేం వస్తున్నామని తెలిసి ఎన్నో ఏళ్ల తర్వాత గుట్టకు పోయి చేదుదుంప తవ్వుకొచ్చి కాలువలో పెట్టిందట. మూడు రోజులు నానింది, చాలంటావా అని మా అమ్మాయిని అడిగింది. అమ్మాయి రోజులతో పని కాదని, రుచి చూడాలని చెప్పి, అలవాటుగా చుట్టూ చూసింది, ముందు ఎవరు అన్నట్టు.

ఆ ఇంట్లో నిలబడ్డవాళ్లంతా మెల్లగా నా వైపు తిరిగారు. నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అక్కడున్నవాళ్లలో అందరికంటే పెద్దదాన్ని నేనే.

కాగితం ప్లేటులో ముక్క తెచ్చి ఇచ్చారు. విస్తళ్లు కుట్టడం ఆ పిల్లలెవరికీ రాదు, నాకూ రాదు, అందుకని మనవరాలు తన ఫోన్‌లో అరగంటకి అలారం పెట్టింది. నేను ముక్క నాలుక కొసన పెట్టుకుని ఉమ్మేశాను. సుర్రుమన్నట్టూ ఉంది, అననట్టూ ఉంది. ఇన్నేళ్లూ డబ్బాల మీద రాసి ఉన్న తేదీలు చూసి తిన్న నాలుకకు ఏం తెలుస్తుంది? మన వయసు వాళ్లకు కొత్తగా చెప్పాలా, మనం భయపడ్డా, తెగించినా, మనకంటే ముందు ఆ పని చేసి చూసి, చెయ్యి వణక్కుండా కూర్చున్న మనిషి ఒకరు ఎప్పుడూ ఎదురుగా ఉండేవాళ్లు. ఆ ధైర్యంతోనే మనం అంత దూరం వెళ్లాం, ఆ ధైర్యంతోనే అంత భయపడగలిగాం కూడా. అలారం మోగేదాకా ఇంటిల్లిపాదీ నా చేతుల వైపే చూస్తూ కూర్చున్నారు. నేను వాటిని వణకనివ్వకుండా ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా ఎవరూ లేని గుమ్మంలోకి చూస్తూ కూర్చున్నాను.